కూసునే తీరు

చాట ముంగటేసుకోని బియ్యం ఏరుతుంటె అత్తమ్మ అన్నది: "కాళ్ళు దగ్గరికి పెట్టుకోని కూసో షారోన్. ఇల్లంత నీదే అన్నట్టు కూసుంటవ్."

పదహారేండ్ల సంది వింటున్న మాట. కరీంనగర్‌కు కోడలుగ వచ్చిన మొదటి ఆదివారం చర్చిల డ్రమ్స్ ముంగట కూసున్న. మందమర్రిల మా చర్చిల చిన్నప్పటి సంది నేనే వాయించేదాన్ని. మా బాపు మొగిలి బొగ్గు బాయిల పనిచేసెటోడు. షిఫ్ట్ దిగి వచ్చి, కండ్ల చుట్టు మసి పోకముందే నాకు నేర్పెటోడు. "చేతులు రెండు, కాళ్ళు రెండు. నాలుగూ నాలుగు తీర్ల నడుస్తయి బిడ్డా, మనసు ఒక్కటే నడువాలె." ఆ ఆదివారం ఇంటికొచ్చినంక నా భర్త స్టీఫెన్ తలుపేసి అన్నడు: "ఆడిది నలుగురి ముంగట గట్ల కాళ్ళు ఎడం జేసి కూసుంటదా? మా ఇజ్జత్ సంగతేంది?" కొట్టలే, తిట్టలే. మెల్లగనే అన్నడు. గందుకే అది దెబ్బ అని తెలువనీకె నాకు చాన ఏండ్లు పట్టింది. ఆ దినం సంది మళ్ల డ్రమ్స్ ముట్టలే. పొద్దుగాల వండి, ల్యాబ్‌ల దినమంత నిలవడి రక్తాలు తీసి, వచ్చి మళ్ల వండుతుంటె ఎవ్వలు చూడరు. కూసున్నప్పుడే చూస్తరు. బాపు ఫోన్ చేసినప్పుడల్ల "వాయిస్తున్నవా బిడ్డా?" అనెటోడు. "ఆ బాపు, ప్రతి ఆదివారం" అనేదాన్ని. పోయినేడు ఆ అబద్ధం నమ్ముకుంటనే పోయిండు.

ల్యాబ్‌ల నాతోని పనిచేసే రోజారాణి సిరిసిల్ల పిల్ల. సొంతంగ పాటలు రాస్తది, ముగ్గురితోని చిన్న రాక్ బ్యాండు నడుపుతది. వాళ్ళ డ్రమ్మర్ పుణెకు పోయిండు. "అక్కా, నీ వేళ్ళు ఊకె టేబుల్ మీద ఆడుతుంటయ్. నీకు వచ్చు గదా?" అన్నది. రెండు నెలలు డ్యూటీ దిగి ప్రాక్టీస్ చేసిన. శనివారం పొద్దుగాల స్టీఫెన్‌కు చెప్పేసిన: "సాయంత్రం బేకరీ మీది హాల్ల డ్రమ్స్ వాయిస్తున్న. రాండ్రి." ఆయన నవ్విండు. నమ్మలే అనుకున్న.

యాభై కుర్చీలు, చెక్కతోని చేసిన చిన్న స్టేజి. ముంగటి వరుసల రోజారాణి తల్లి కనకవ్వ. ముప్పై ఏండ్లు మరమగ్గాల నడుమ పనిచేసి ఆమె చెవులు పోయినయ్. ఆ మగ్గాల మీదనే బిడ్డ పాట రాసింది. తల్లికి ఒక్క ముక్క వినవడది. పాట మొదలుగాంగనే కనకవ్వ లేచి వచ్చి, స్టేజి చెక్క మీద అరచెయ్యి ఆనించి కూసున్నది. నేను కాలితోని పెడల్ తొక్కి కొట్టే పెద్ద డ్రమ్ము మోత ఆ చెక్కల నుంచి ఆమె చేతికి పోతున్నది. ఆమె తల ఊపుతున్నది.

పాట నడిమిట్ల హాలు వెనుక గోడ కాడ స్టీఫెన్ కనవడ్డడు. చేతులు కట్టుకోని నిలవడ్డడు. నాకు తెలువకుంటనే నా మోకాళ్ళు దగ్గరికొచ్చినయ్. కాలు పెడల్ మీదికెళ్ళి జారింది. మోత ఆగింది.

ఎవ్వలు గమనించలే. గిటారు నడుస్తనే ఉన్నది. కనకవ్వ ఒక్కతే తలెత్తి నా దిక్కు చూసింది. చెక్క మీద రెండుసార్లు తట్టింది, తలుపు కొట్టినట్టు. ఏమాయె బిడ్డా, అన్నట్టు.

సిగ్గయింది. స్టీఫెన్ చూస్తుండని కాదు, ఆమె పాటను మధ్యల ఆపినందుకు. కాళ్ళు ఎడం జేసి, మడిమెల మీద బలం పెట్టి వాయించిన. పాట అయ్యేదాంక కండ్ల నీళ్ళు కారుతనే ఉన్నయ్. తుడుసుకునేటందుకు చెయ్యి ఖాళీ లేదు.

ఇంటర్వెల్ల కిందికి దిగిన. స్టీఫెన్ బండి మీద కూసున్నడు. "బాగనే వాయించినవ్. ఇగ సరదా తీరింది గదా, ఎక్కు. అక్కోళ్ళు తిననీకె వస్తున్నరు."

"తీరలే" అన్న. "ఇంక మూడు పాటలున్నయ్. మీ అక్కోళ్ళకు మీరే వండి పెట్టుండ్రి."

జవాబు కోసం ఆగకుంట మెట్లెక్కిన. కింద హారన్ మోగింది. మళ్ల ఒకసారి మోగింది. మూడోసారి మోగెటాలకు నేను నా స్టూలు మీద కూసున్న.