ఐదో కప్పు

“ఐదో కప్పు ఎవరికి? నీక్కూడా పోసుకున్నావా?” అన్నారు అత్తగారు వంటింట్లోకి వచ్చి, హాల్లోకి వినపడకుండా.

నాకు కాదు. మా ఆయన, ఆయన పై అధికారి, ఆ అధికారి భార్య, అత్తగారు కలిపి నలుగురు. మరి హాల్లో ఎడమవైపు గోడ పక్కన నల్లబట్టల్లో కూర్చున్నదెవరు?

నా కళ్ళద్దాలు అత్తగారి బీరువాలో ఉన్నాయి. ఇంటికి ఎవరొచ్చినా అవి తీసేయాల్సిందే. మైనస్ పద్నాలుగు పవరు. “సీసా అడుగుల్లోంచి చూస్తున్నట్టుంటావు, నా పరువు తీయకు” అని మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే చెప్పారు. పదకొండేళ్ళుగా అడుగులు లెక్కపెట్టుకుంటూ టీలు అందిస్తున్నాను. పొయ్యి నుంచి గుమ్మానికి ఏడు, గుమ్మం నుంచి సోఫాకి తొమ్మిది. ఒక్కసారీ ఒలకలేదు, అదో గొప్ప నా మొహానికి!

కప్పు తీసేద్దామని వెనక్కి తిరిగాను. ఆ నల్లబట్టల మనిషి పొయ్యి పక్కన నుంచుని ఉంది. కుడి కన్ను మూశాను, అక్కడే ఉంది. ఎడమ కన్ను మూశాను, లేదు.

ఇంత పవరున్న కన్ను సాగిపోయి లోపలి పొర పలచబడుతుందని, చిరిగి ఊడొచ్చని కంటి డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. మెరుపులు గానీ నల్ల తెర గానీ కనిపిస్తే ఆ పూటే రావాలి, ఆలస్యమైతే చూపు మిగలదు అంది. మెరుపులు వారం నుంచీ ఉన్నాయి. మా ఆయనతో అంటే ఫోను చూడటం తగ్గించమన్నారు. నేనూ నమ్మాను, సిగ్గు లేకపోతే సరి.

అద్దాలివ్వండి, ఆసుపత్రికి వెళ్ళాలి అన్నాను. వాళ్ళు వెళ్ళాక చూద్దాంలే అన్నారు అత్తగారు. నాకు భయం పోయి కోపం వచ్చింది. హాల్లోకి వెళ్ళేసరికి నలుపు ఇంకా జరిగింది. మా ఆయన పక్క కుర్చీ లేదు, భుజం లేదు.

“నా ఎడమ కంటికి చీకటి కమ్ముతోంది. నన్నెవరైనా కంటి ఆసుపత్రికి తీసుకెళ్తారా?”

అధికారి భార్య లేచిన చప్పుడైంది. “పదమ్మా, కారు కిందే ఉంది” అంటూ వీధి తలుపు తీసింది.

“దీనికి అన్నీ అనుమానాలేనండీ, మీరు కూర్చోండి” అని నవ్వారు మా ఆయన. ఆ నవ్వు ఎటునుంచి వస్తోందో విని, అది నా వీపు వెనక్కి వచ్చేలా తిరిగి, నడిచాను.