అక్క గుండె గీత

కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, చల్లారిన టీ గుక్కెడు మింగి, అతను మళ్లీ తెర మీదికి వంగాడు. మూలన పచ్చగీత ఒకటి ఎగిరెగిరి పడుతోంది. అది ఆసుపత్రిలో ఉన్న అక్క గుండె. రోగుల గుండె లయను ఎప్పటికప్పుడు ఇంటివాళ్లకు చూపించే ఏర్పాటు వాళ్ల కంపెనీదే. ఎవరు పడితే వాళ్లు చూడకుండా దానికి తలుపూ తాళమూ పెట్టడం అతని పని.

తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. తాను జడ వేయించుకోవాల్సిన వయసులో తమ్ముడి ముక్కు తుడిచింది. వాడి తల నెరిసినా ఆ పెత్తనం పోలేదు మరి.

పొద్దున ఫోనులో, "ఏరా, అప్పుడే నా గుండెలోకి తొంగిచూస్తున్నావా? కొట్టుకుంటూనే ఉందిలే, పోయి పని చూసుకో" అంది.

"సాయంత్రం వస్తానక్కా."

"గడ్డం గీసుకునిరా. నర్సమ్మ నువ్వే రోగివనుకుంటోంది."

ఆ రోజు వచ్చిపడిన చిక్కు అతని పొరపాటే. లోపలికి వచ్చేవాణ్ణి ఎవరని అడిగేలా కట్టాడు గానీ, వచ్చి కూర్చున్నవాణ్ణి మళ్లీ అడిగేలా కట్టలేదు. మామూలు వెబ్ పేజీకైతే ప్రతిసారీ తలుపు తట్టాలి. గీతను పంపే ఈ కనెక్షన్ ఒకసారి తెరిస్తే తెరిచినట్టే ఉంటుంది. ఆసుపత్రిలో పని మానేసినవాడొకడు ఇంట్లో కూర్చుని ఎవరెవరి గుండెలనో చూస్తున్నాడట!

మధ్యాహ్నానికి దిద్దుబాటు సిద్ధమైంది. ఇక లోపలున్నవాళ్లనూ ఉండుండి అడుగుతుంది. ముందు పాత కనెక్షన్లన్నీ తెంచాలి.

పక్కసీటు అమ్మాయి మెల్లగా అంది: "అన్నా, మీ ఒక్కరిదీ తెంచకుండా వదిలేద్దామా?"

"నాకోసం వదిలితే అది తలుపెలా అవుతుందమ్మా? కన్నమవుతుంది."

మీట నొక్కాడు. పచ్చగీత మాయమైంది. పోయింది గీతే, గుండె కాదు అని తనకు తానే చెప్పుకున్నాడు.

మళ్లీ చూడాలంటే రోగి ఫోనుకు అంకెలు వెళ్తాయి. రోగి చెబితేనే ప్రవేశం. ఆ కట్టడీ అతనిదే. అంకెలు పంపమని నొక్కి, అక్కకు ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. కునుకు తీస్తోందేమో అనుకున్నాడు. మళ్లీ చేశాడు. ఇక ఆగలేక, తెర కూడా ఆర్పకుండా లేచి బస్సెక్కాడు.

వార్డు గుమ్మంలో నర్సమ్మ ఎదురొచ్చింది. "మీకే ఫోను చేయబోతున్నా బాబూ... నిద్రలోనే పోయారు. బాధేమీ పడలేదు."

అతను మంచం అంచున కూర్చుని అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఇంకా గోరువెచ్చగానే ఉంది. ఎవరూ అతన్ని ఎవరని అడగలేదు.

దిండు పక్కన ఆమె ఫోను. అద్దం మీద, ఎవరూ చదవని ఆ అంకెలు.