వరండాలో గాలి

ముందే ఒప్పేసుకుంటున్నాను, ఈ కథలో నేను తటస్థంగా ఉండలేను. వీరరాఘవయ్యగారు చెడ్డమనిషేం కాదు. ఆపరేషన్ రోజున ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చిన మనిషే. అయినా సరే, నేను ఆయన కోడలు గీతాంజలి పక్షం. ఆవిడ అత్తయ్య పక్షం.

ఆ రోజు పొద్దున గీతాంజలి చేస్తున్న పని, అత్తయ్య ఒంటికి అంటుకుపోయిన జాకెట్టుని తడిగుడ్డతో నానబెట్టి మెల్లగా ఊడదీయడం. క్యాన్సర్ అని సరోజినీదేవికి ఎడమ రొమ్ము తీసేశారు. ఆ తర్వాత విజయవాడలో కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. చర్మం కమిలి నల్లబడింది, చెమట తగిలితే కారం రాసినట్టు మండుతోంది. "గాలాడనివ్వండమ్మా, బిగుతుగా ఏమీ వేయకండి" అని డాక్టరుగారు చెప్పారు. తిరువూరులో మే నెలలో గాలి అంటే వరండాలోనే. వెనకగదిలో గాలి పుట్టదు. కరెంటు పోతే మరీను, ఇన్వర్టరు వరండాకీ హాలుకీ మాత్రమే. "మనుషులు కూర్చునేది అక్కడేగా" అని వైరింగ్ చేయించిన రోజున మావయ్య తేల్చేశారు. వెనకగదిలో ఉండేవాళ్ళు మనుషుల కిందికి ఎందుకు రారో కొత్తకోడలు అప్పుడు అడగలేదు.

ఆ వరండాలో మావయ్య చొక్కా లేకుండా, లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, స్టాండు ఫ్యానుకి ఎదురుగా కూర్చుంటారు. స్నానం కూడా గేటు పక్క కుళాయి దగ్గరే, తువ్వాలు చుట్టుకుని, వచ్చేపోయేవాళ్ళతో మామిడికాయల రేట్లు మాట్లాడుతూ. గీతాంజలి పాలప్యాకెట్టు కోసం నైటీలో గేటు దాకా వెళ్తే మాత్రం, "అమ్మాయ్, పైన ఏదన్నా వేసుకో, వీధిలో మనుషులుంటారు" అంటారు. ఎవరా మనుషులని చూస్తే, బనీను కూడా లేకుండా పళ్ళు తోముకుంటున్న ఎదురింటాయన.

గీతాంజలి హైదరాబాదు కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తుంది. ఇతరులు రాసిన కోడులో తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. మీటింగు మధ్యలో వరండా నుంచి "అమ్మాయ్, కాఫీ" అని కేక వస్తుంది. మ్యూట్ బటన్ మీద ఆవిడ వేలు ఎంత చురుకైందంటే, అమెరికా మేనేజరుకి ఇప్పటిదాకా ఈ ఇంట్లో మావయ్య ఉన్నట్టే తెలియదు.

"అత్తయ్యని వరండాలో కూర్చోబెడదాం, జాకెట్టు లేకుండా, మెత్తటి నేతచీర చుట్టి" అని ముందురోజు కార్తీక్‌తో అంది. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసే భర్త, ఫోనులోనే గొంతు తగ్గించాడు.

"పిచ్చా గీతా? వీధిలోకి కనిపిస్తుంది. ఎవడన్నా కేసు పెడితే? చట్టం ఉంది తెలుసా దానికి?"

చట్టం ఉందంటే గీతాంజలి ఊరుకునే రకం కాదు. ఆఫీసు టైములో, ఆఫీసు లాప్‌టాప్‌లోనే వెతికింది. దొరికింది. ఇప్పుడు జాకెట్టు తీసి పక్కన పెట్టి, మందు రాస్తూ అత్తయ్యకి చెప్పింది.

"బహిరంగంగా, ఇతరులకి చిరాకు కలిగేలా, అసభ్యమైన పని చేస్తే మూడు నెలల జైలంట అత్తయ్యా. లేకపోతే జరిమానా."

"జాకెట్టు లేకపోతేనని రాశారా?"

"జాకెట్టు మాటే లేదు. అసలు ఏది అసభ్యమో కూడా చెప్పలేదు."

"మరి నాకు చిరాకుగా ఉంది కదే, దానికి సెక్షన్ లేదా?"

గీతాంజలి నవ్వబోయి ఆగింది, అత్తయ్య నవ్వట్లేదు. గోడకేసి చూస్తూ మెల్లగా చెప్పుకుపోయింది. "వినగడపలో మా నాయనమ్మ మహాలక్ష్మమ్మ ముసలితనం దాకా రవిక తొడిగి ఎరగదు. ఆ చీరకొంగుతోనే పత్తిచేలో పనోళ్ళందర్నీ అదిలించేది. కరణంగారొచ్చినా అట్టాగే ఎదురెళ్ళి మంచినీళ్ళిచ్చేది. ఎవరూ ఏమనలా. మా అమ్మ పెళ్ళైవచ్చి మేమంతా పెద్దయ్యాకే, మనవళ్ళకి సిగ్గని ఆవిడకి రవిక కుట్టించారు. వేసుకున్న రోజంతా గోక్కుంటానే ఉంది పాపం."

అప్పుడే కరెంటు పోయింది. అప్పుడే వరండా నుంచి కేక.

"అమ్మాయ్! సతీష్‌కుమార్ వస్తున్నాడు, రెడ్డిగూడెం మామిడితోట బేరానికి. కాఫీ పెట్టు. మీ అత్తయ్యని జాకెట్టేసుకోమను. ఆ విజయవాడలో కొన్న మెత్త కూడా ఎడమపక్క లోపల పెట్టుకోమను, బోసిగా ఉంటే బాగోదు."

సరోజినీదేవి ఆ మెత్తని చూసింది. మంచం మీద, దిండు పక్కన, ఎవరిదో వస్తువులా పడి ఉంది. దాన్ని అక్కడే వదిలి లేచి నిలబడి, మెత్తటి తెల్ల నేతచీర అడిగింది. గీతాంజలి తెచ్చి ఇచ్చింది. కొంగుని వాళ్ళ నాయనమ్మలాగే కుడిచంక కిందుగా తిప్పి భుజాన వేసుకుంది. "బాగోలేదా?" అంది. గీతాంజలి కుచ్చిళ్ళు సర్ది, "బాగుంది, పదండి" అంది.

వరండాలో సతీష్‌కుమార్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. గీతాంజలి కాఫీ ఇచ్చి గుమ్మంలో నిలబడింది. సరోజినీదేవి వెళ్ళి ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. మావయ్య కుర్చీలో ముందుకు జరిగారు.

"లోపలికెళ్ళు సరోజినీ."

"లోపల ఉక్కగా ఉందండి."

"వీధి వాకిట్లో ఏంటిది? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఇన్నేళ్ళ నించి మిమ్మల్ని చూసి ఏమనుకున్నారో, అదే."

సతీష్‌కుమార్ కాఫీగ్లాసులోకి శ్రద్ధగా చూడసాగాడు. సరోజినీదేవి మంచినీళ్ళ కోసం చెయ్యి చాచింది. కొంగు జారింది. భుజం నుంచి పక్కటెముకల దాకా కుట్ల గీత, దాని చుట్టూ కమిలిన చర్మం, పొద్దుటి వెలుతురులో బయటపడ్డాయి. ఎదురింటాయన గేటు దగ్గర ఆగిపోయాడు. ఆవిడ తొందరపడలేదు. నీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టింది. ఆ తర్వాత కొంగు సర్దుకుంది.

వీరరాఘవయ్యగారు గబగబా తన భుజం మీది తువ్వాలు తీసి ఆవిడ మీద కప్పబోయారు.

ఆవిడ ఆ తువ్వాలుని పట్టుకుని, మడతపెట్టి, తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది. "మీరు కప్పుకోండి. ఎదురింటాయన చూస్తున్నాడు."

ఆయన తన ఛాతీ వంక, పొట్ట వంక చూసుకున్నారు. బహుశా మొదటిసారి. తువ్వాలు విప్పి రెండు భుజాల మీదుగా కప్పుకున్నారు.

"కాయ బాగుందంటండీ ఈసారి" అంది సరోజినీదేవి, సతీష్‌కుమార్‌తో. "రేటు చెప్పండి, నేను కూడా వింటాను."

లోపల లాప్‌టాప్ మోగుతోంది. మీటింగు మొదలైంది. గీతాంజలి పరిగెత్తలేదు. ముందు వరండాలోకి వచ్చి, స్టాండు ఫ్యాను మెడ పట్టుకుని, అత్తయ్య వైపు తిప్పింది. తెల్లచీర కొంగు గాలికి లేచి ఆడింది. అంత దర్జాగా కూర్చున్న ఆడమనిషిని ఆ ఇంట్లో గీతాంజలి అంతకు ముందు చూడలేదు.

ఇంతకీ, మీ ఇంట్లో ఫ్యాను ఎటు తిరిగి ఉంది? తిప్పినవాళ్ళు ఎవరన్నా ఉంటే, వాళ్ళ సంగతి నాకు రాయండి.