నీలి నీళ్ళలోకి ఎవరు దూకారు

ప్రసన్నకు కోపం ఒడ్డు మీదే మొదలైంది.

సూరత్ పక్కన డుమస్ దాటాక ఉన్న ఒక చిన్న బెస్తపల్లె రేవులో పద్నాలుగు మందిని నిలబెట్టి హితేన్ ఫోటోలు తీస్తున్నాడు. రాత్రిపూట పడవలో తీసుకుపోయి, కదిపితే నీలంగా వెలిగే సముద్రపు నీళ్ళలో ఈత కొట్టిస్తానని ఫోన్లలో ప్రకటనలు గుప్పించేది ఇతనే. ముందు ఏడుగురికి లైఫ్‌జాకెట్లు తొడిగి ఒక ఫోటో తీశాడు. తర్వాత అవే విప్పించి మిగతా ఏడుగురికి తొడిగి ఇంకో ఫోటో తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళకు పద్నాలుగు మందికీ జాకెట్లు ఉన్నట్టే ఉంటుంది.

"ఉన్నయే ఏడు" అంది ప్రసన్న, భర్త చెవి దగ్గర. "కడమోళ్ళు ఏం పట్టుకొని తేలాలె?"

రాంప్రసాద్ అటూ ఇటూ చూశాడు. "జర నోరు మూస్తవా? అందరి ముంగట ఇజ్జత్ తీయకు."

ఈ ప్రయాణం అతని చెల్లెలు రుచిత పట్టు పడితే కుదిరింది. సూరత్‌లోని బమ్రోలిలోనే పుట్టి పెరిగి, కాలేజీలో రెండో ఏడు చదువుతున్న పిల్ల. ఫోన్లో ఆ వెలుగు చూసిన రోజు నుంచి "వదినా, జానా హీ హై, పోదాం" అని వదల్లేదు. ప్రసన్న ఒప్పుకున్నది మాత్రం వెలుగు కోసం కాదు, ఈత కోసం. సిరిసిల్ల పక్క పల్లెలో పుట్టిన మనిషి. ఆరేళ్ళప్పుడు వీపుకు బెండు కట్టుకుని వ్యవసాయ బావిలో దిగింది. పదేళ్ళకు బెండు పారేసి గట్టు మీద నుంచి తలకిందులుగా దూకేది. పెళ్ళయి సూరత్ వచ్చి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో ఆమె చూసిన లోతైన నీళ్ళంటే బాత్రూంలోని డ్రమ్ము. ఎంబ్రాయిడరీ కార్ఖానాలో రోజంతా కూర్చుని దారాలు తెంపుతూ, ఈ శనివారం కోసం ఆమె పదిహేను రోజులు ఎదురుచూసింది.

పడవ రేవు దాటాక హితేన్ కొత్త రూలు బయటపెట్టాడు. ఆడవాళ్ళు నీళ్ళలో దిగకూడదు. అంచున కూర్చుని కాళ్ళు ముంచుకోవచ్చు.

"ప్రకటనలో అట్లా రాయలేదే" అంది ప్రసన్న హిందీలో.

"భాభీ, మీ సేఫ్టీ కోసమే" అని నవ్వాడు హితేన్.

రాంప్రసాద్ కూడా నవ్వాడు. "ఈమెకు బాయిల ఈతొచ్చు. సముద్రం గూడ బాయే అనుకుంటది" అన్నాడు, అందరికీ అర్థం కావాలని మళ్ళీ హిందీలోనూ అన్నాడు. పడవంతా నవ్వింది. అతనికి అసలు ఈతే రాదని అందులో ఎవరికీ తెలియదు. తెలిసిన ఇద్దరూ, పెళ్ళాం, చెల్లెలు, నోరెత్తలేదు.

పడవ నడిపే ధనసుఖ్ కాకా ఇంజను ఆపి లంగరు వేశాడు. తాడు నీళ్ళలోకి జారినంత మేరా నీలి గీత ఒకటి వెలిగి ఆరిపోయింది. రుచిత చేయి ముంచి లాగితే వేళ్ళ వెంట వెలుగు పారింది. "వదినా, దేఖో దేఖో!" అని అరిచింది. మగవాళ్ళు ఒక్కొక్కరే దూకుతుంటే పడిన చోటల్లా నీళ్ళు నీలంగా చిట్లుతున్నాయి. ప్రసన్న పళ్ళు బిగబట్టి కూర్చుంది. కాళ్ళు కూడా ముంచలేదు.

రాంప్రసాద్ జాకెట్ తొడుక్కుని అంచు మీద నిలబడ్డాడు.

"దాని బకిల్ ఇరిగున్నది. దిగకు" అంది ప్రసన్న.

"నువ్వు చెప్తే వినాల్నా నేను?" అని దూకేశాడు.

మొదట బాగానే తేలాడు. చేతులు కొట్టి వెలుగు లేపుతూ, పడవలోవాళ్ళు ఈలలు వేస్తుంటే ఇంకొంచెం ఇంకొంచెం దూరం జరిగాడు. కాకా లంగరు తాడు పట్టుకుని చూశాడు. అది బిగుసుకుంటోంది. "ఓట్ మొదలైంది. అందరినీ ఎక్కించు" అని హితేన్‌కు చెప్పాడు. ఓట్ అంటే ఆటు. ఇక్కడ నీళ్ళు వెనక్కు తీయడం మొదలుపెడితే నదిలా పరిగెత్తుతాయి.

"పది నిమిషాలు కాకా, వీడియో పూర్తి కాలేదు" అన్నాడు హితేన్.

"వాళ్ళు కొట్టుకుపోతే తీస్తావా వీడియో?" అని కాకా తనే కేకలు పెట్టాడు. దగ్గరున్నవాళ్ళు తాళ్ళు పట్టుకుని ఎక్కారు. రాంప్రసాద్ ఎక్కలేదు. ఎక్కడున్నాడో కూడా కనిపించలేదు. ఊడిపోయిన జాకెట్ ఒక్కటే దూరంగా తేలుతూ పోతోంది.

"అన్నా!" అని రుచిత గొంతు చించుకుంది.

చీకట్లో మనిషి కనిపించలేదు గానీ నీళ్ళు కనిపించాయి. దూరంగా ఒకచోట నీలంగా భగ్గుమని, ఆరి, మళ్ళీ భగ్గుమంటున్నాయి. అతను కొట్టుకుంటున్నది అక్కడే. కాకా ఖాళీ డీజిల్ డబ్బాకు తాడు కట్టి విసిరాడు. అందలేదు. లాగి మళ్ళీ విసరబోతుంటే ప్రసన్న ఆ డబ్బా లాక్కుంది. చున్నీ నడుముకు బిగించింది.

"భాభీ, లేడీస్ అలౌడ్ లేదు..." అని హితేన్ చేయి అడ్డం పెట్టాడు. ఆ చేతిని విదిలించి కొట్టి దూకింది.

ఆటు ఆమెను కూడా అటే తోసింది. డబ్బాను చంక కింద పెట్టుకుని ఆ వెలుగు వైపే ఈదింది. వెలుగు చిన్నదైపోతోంది. ఆమె చేరేసరికి దీపం వత్తంత మిగిలింది. చేయి చాచగానే రాంప్రసాద్ ఆమె మెడకు చుట్టుకున్నాడు. ఇద్దరూ మునిగారు. ఉప్పు నీళ్ళు ముక్కులోకి పోయాయి. పైకి వచ్చి, ఊపిరి తీసుకుని, అతని చెంప మీద ఒక్కటి కొట్టింది. పట్టు సడలింది. వెనక్కి వెళ్ళి జుట్టు పట్టుకుని వెల్లకిలా తిప్పింది.

"కాళ్ళు కొట్టకు! నా మీద పడ్డవంటే ఇడిసిపెడత!" అని అరిచింది.

పడవలోంచి కాకా తాడు లాగాడు. కాసేపటికి ఇంకో ఇద్దరు చేతులు వేశారు. రాంప్రసాద్‌ను అంచు మీదికి లాగి బోర్లా పడుకోబెడితే తాగిన సముద్రమంతా కక్కాడు.

తిరిగి వచ్చేముందు హితేన్ టార్చి వేసి వెతికించి, తేలుతున్న ఆ జాకెట్‌ను పడవలోకి లాక్కున్నాడు. రేవులో దిగాక హితేన్ ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, "అయిందేదో అయింది, బయట చెప్పుకోవద్దు" అన్నాడు. ప్రసన్న దగ్గరికి మాత్రం రాలేదు. ఇంటికి చేరేదాకా రాంప్రసాద్ ఆమె వైపు చూడలేదు. భయం తగ్గితే మాట్లాడతాడులే అనుకుందామె.

సోమవారం పొద్దున నల్లా దగ్గర పక్కింటి స్వరాజ్యం ఆమె చేయి పట్టుకుంది. "నీ నసీబు మంచిగున్నది పిల్లా. రాంప్రసాద్ దుంకకపోతే ఏమైపోతుండెనో!"

"ఎవరు దుంకిండ్రు?"

"నీ పెనిమిటే. నువ్వు కాలు జారి పడ్డవంట గదా. మా తమ్ముడు కనకయ్యతోని సాంచల కాడ చెప్పిండట."

ప్రసన్న సగం నిండిన బిందెను అక్కడే వదిలేసి ఇంట్లోకి వచ్చింది. రాంప్రసాద్ సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, రాత్రి పాళీ చేసి వచ్చి చాయ్ తాగుతున్నాడు.

"నేను కాలు జారిన్నా?"

అతను గ్లాసు కింద పెట్టలేదు. "ఒక్క మాటకు ఏమైతది? కార్ఖానాల ముప్ఫై మంది ఉంటరు. పెండ్లాం జుట్టు పట్టి గుంజుకొచ్చిందంటే రేపటి సంది బతకనిస్తరా నన్ను?"

"నేను గుంజుకరాకపోతే బతుకుతుంటివా?"

"బతికించినవ్, సరే. పేరు గూడ నీకే కావాల్నా?"

"పేరు నాకొద్దు. నా మీదేసిన అబద్ధం తీసెయ్. ఈ గల్లీల నేను కాలు జారిన మనిషినై తిరగను."

పొయ్యి దగ్గరున్న అత్త బాలవ్వ కల్పించుకుంది. "జర మెల్లగ బిడ్డా. వానికి ఈత రాదని నాకెరుక లేదా? వాడు చెప్పంగనే తెలిసింది ఎవరు ఎవర్ని గుంజిండ్రో."

"ఎరుకుండి ఎందుకు ఊకున్నవ్ అత్తమ్మా?"

"మొగోని ఇజ్జత్ బిడ్డా. నాలుగు దినాలైతే అందరు మరుస్తరు."

"నేను మరువ" అంది ప్రసన్న. కొడుకును ప్రాణాలతో తెచ్చి ఇచ్చినందుకు ఈ ముసలామె ఒక్క మాట అంటుందని రెండు రోజులుగా ఎదురుచూసింది తను. ఆ సంగతి గుర్తొచ్చి తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ పూట నుంచి భర్తకు అన్నం పెట్టడం మానేసింది. మూడో రోజు నుంచి అతను స్టవ్ దగ్గర నిలబడి కిచిడీ మాడ్చుకోవడం నేర్చుకున్నాడు.

బుధవారం రుచిత బిక్కమొహంతో ఫోన్ తెచ్చి చూపించింది. హితేన్ తన పేజీలో రాశాడు. ఒక మహిళ క్రమశిక్షణ లేకుండా నీళ్ళలో దూకి అందరినీ ప్రమాదంలో పడేసినందున, ఇకపై రాత్రి ప్రయాణాలకు స్త్రీలను అనుమతించబోమని. కింద వందల మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఇలాంటివాళ్ళను ఇంట్లో కట్టేయాలని ఒకడు రాశాడు.

"వదినా, నా కాడ వీడియో ఉన్నది. అన్నను నువ్వు గుంజింది అంత దిఖ్తా హై. పెట్టాల్నా?" రుచిత ఫోన్ వెనక్కి తీసుకుంది. "పెడితే అన్న పరువు..."

"వీడియో వద్దు. నాకు నోరున్నది."

శనివారం సాయంత్రం ఇద్దరూ మళ్ళీ ఆ రేవుకు వెళ్ళారు. పద్నాలుగు మంది మగవాళ్ళు వరసలో ఉన్నారు. మొదటి ఏడుగురు జాకెట్లు తొడుక్కుని ఫోటోకు నవ్వుతున్నారు. ప్రసన్న నేరుగా వెళ్ళి కెమెరా ముందు నిలబడింది.

"ఈ ఫోటో అయ్యాక మీ జాకెట్లు విప్పి వాళ్ళకిస్తాడు" అంది హిందీలో, రేవంతా వినపడేలా. "లెక్కపెట్టుకోండి. ఏడే ఉన్నాయి. అందులో ఒకదాని బకిల్ విరిగింది. పోయిన శనివారం అది తొడుక్కున్న మనిషి మునిగాడు."

"ఆ ఆడమనిషి ఈమెనే!" అని హితేన్ అరిచాడు. "ఈమె వల్లనే గొడవంతా! జాఓ యహాఁ సే!"

"నేను దూకింది నిజమే. ఎందుకు దూకానో కూడా చెప్పు. ఆటు మొదలైందని కాకా మొత్తుకుంటుంటే పది నిమిషాలు ఆగమన్నది ఎవరో అది కూడా చెప్పు."

హితేన్ ఆమె భుజం పట్టి పక్కకు నెట్టబోయాడు. రుచిత మధ్యలోకి దూరి గుజరాతీలో తిట్టిన తిట్టుకు వరసలో ఒకడు నోరు తెరిచాడు. ధనసుఖ్ కాకా పడవ దిగి వచ్చాడు. ఇంజను తిప్పే ఇనుప హ్యాండిల్ అతని చేతిలోనే ఉంది.

"ఈ బేన్ మునిగిపోతున్న తన మొగుణ్ణి ఈదుకుంటూ తెచ్చింది. తాడు లాగింది నేనే" అన్నాడు వరసలోవాళ్ళతో. తర్వాత హితేన్ వైపు తిరిగాడు. "పద్నాలుగు జాకెట్లు తెచ్చిన రోజు పిలువు. అప్పటిదాకా పడవ కదలదు."

"మరి ఇన్నాళ్ళు ఏడింటితోనే ఎందుకు తీసుకుపోయావు కాకా?" అని ప్రసన్న అతణ్ణీ వదల్లేదు. ముసలాయన తల దించుకున్నాడు.

వరస విడిపోయింది. కొందరు హితేన్ మీద పడ్డారు. కొందరు రాత్రి పాడు చేసిందని ప్రసన్ననే తిట్టుకుంటూ బండ్లెక్కారు.

ఆటోలో వస్తుంటే రుచిత మెల్లగా అడిగింది. "వదినా, లోపల నీళ్ళు ఎట్లుండె? చుట్టూ వెలిగిందా?"

"చూడలే" అంది ప్రసన్న. "మీ అన్నను దేవులాడుకుంట ఉంటి." ఆరేళ్ళకు ఒక్కసారి నీళ్ళలోకి దిగితే, ఒక్క బార కూడా తన కోసం వేయలేదు. మొహం బయటికి తిప్పుకుంది.

సోమవారం రాత్రి రాంప్రసాద్ గుమ్మంలో నిలబడ్డాడు. రేవు సంగతి రుచిత అతనికి అప్పటికే చెప్పింది. "చెప్పిన" అన్నాడు.

"ఎవరికి?"

"కనకయ్యకు. కార్ఖానాల."

"సాంచలు నడుస్తుండంగనా?"

ముప్ఫై సాంచలు ఒక్కసారి ఆడే చోట చెవిలో నోరు పెట్టి అరిచినా మాట వినపడదు. ప్రసన్నకు నవ్వు రాబోయి కోపంలో కలిసిపోయింది.

"బంద్ అయినంక చెప్పు. నేనొస్త."

మర్నాడు పొద్దున పాళీ మారే వేళ, నూనె పోయడానికి సాంచలు ఆపినప్పుడు, ఆమె కార్ఖానా తలుపు దగ్గర నిలబడింది. రెండు పాళీల మనుషులూ ఉన్నారు. రాంప్రసాద్ చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకున్నవే మళ్ళీ తుడుచుకున్నాడు. తర్వాత తనకు ఈత రాదని చెప్పాడు. మునిగానని చెప్పాడు. ఆమె కొట్టిన చెంపదెబ్బ కూడా దాచలేదు. వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"మరి గట్లెందుకు చెప్తివిరా?" అన్నాడు కనకయ్య.

"షరమైంది."

"ఇంకోటున్నది" అంది ప్రసన్న తలుపు దగ్గర నుంచే. "నేను కాలు జారలే."

రాంప్రసాద్ ఆమె వైపు చూశాడు. ఆ రాత్రి తర్వాత సూటిగా చూడటం అదే మొదటిసారి. "ఆమె కాలు జారలే" అన్నాడు. "దుంకింది."

ఎవరో సాంచల స్విచ్ వేశారు. ప్రసన్న బయటికి వచ్చి నడిచింది. కోపం పోలేదు గానీ కాళ్ళు మాత్రం తేలిగ్గా పడుతున్నాయి. ఎంబ్రాయిడరీ కార్ఖానాకు అరగంట ఆలస్యంగా చేరింది. ఎందుకాలస్యమని సూపర్‌వైజర్ అడిగితే, దారాలు తెంపే ఆడవాళ్ళందరికీ వినపడేలా మొదటి నుంచి మొత్తం చెప్పింది.