గోడకు అవతలి బ్లాకు

బాలింత ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఒకటే మాట పట్టుకుంది. తనని కాపాడినవాళ్ళని కళ్ళారా చూడాలి.

ఆ రోజు మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యేసరికి బయట కుండపోత వాన. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పని మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చి ఆమెను టాక్సీ ఎక్కించాడు. పెద్దరోడ్డు మునిగిపోయిందని డ్రైవరు ఏవేవో సందులు తిప్పాడు. చివరికి ఒకచోట నీళ్ళలో బండి మొరాయించింది. ఎవరో ఆడవాళ్ళు వచ్చి ఆమెను చేతుల మీద మోసుకుపోయారు. బిడ్డ అక్కడే పుట్టింది. మెకానిక్ తామున్న చోటును ఫోన్లోంచి అంబులెన్సుకు పంపాడు. అది వచ్చేసరికి రక్తం ఆగడం లేదు, బాలింతకు స్పృహ లేదు. ఆ హడావిడిలో ఎవరి పేరూ ఎవరూ అడగలేదు. ఆమెకు గుర్తున్నదల్లా తన తలను ఒళ్ళో పెట్టుకున్న ఒక పెద్దావిడ చెయ్యి, ముక్కు అదిరేలా జిగురు వాసన.

తల్లీబిడ్డా గట్టెక్కారు. బిడ్డకు మెడ నిలిచింది. మెకానిక్ రెండుసార్లు వెళ్ళి వెతికొచ్చాడు. ఫోన్లో ఆ చోటుకు దారి అడిగితే అది రైలు పట్టాల పక్కనున్న ఒక పొడవాటి గోడ దగ్గరకు తీసుకెళ్ళి చేతులెత్తేసింది. గోడ పక్క వీధిలో ఎవర్నడిగినా అలాంటిదేమీ జరగలేదన్నారు. వాన రోజున కంగారులో ఎటు నుంచి ఎటు వెళ్ళారో అతనికి బొత్తిగా గుర్తులేదు.

చివరికి బాలింత వాళ్ళ వదినను అడిగింది. వదిన మెకానిక్‌కు అక్క. జనాభా లెక్కల ఆఫీసులో పటాల గదిలో పనిచేస్తుంది. ఊరినంతా ఒక మనిషి తిరిగి లెక్క రాయగలిగినన్ని ఇళ్ళ చొప్పున ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ హద్దులు గీసి పటం తయారుచేయడం ఆవిడ పని. ఆ ముక్కల్ని వాళ్ళు బ్లాకులంటారు.

"ఎవరింట్లో ఎవరున్నారో నేను చూడను, ఇంకొకళ్ళకి చూపించను. అది ముందే చెప్తున్నా," అంది వదిన. "ఎక్కడ వెతకాలో మాత్రం చెప్తాను. ఆ రెండు అంకెలూ ఇలా ఇవ్వు."

అంబులెన్సుకు వెళ్ళిన సందేశంలో ఆ చోటు తాలూకు అక్షాంశం, రేఖాంశం ఉన్నాయి. వదిన తొందరలో వాటిని కంప్యూటరు పటంలో ముందువెనకలుగా కొట్టింది. చుక్క వెళ్ళి నడిసముద్రంలో పడింది. మీ ఆయన నిన్ను టాక్సీ ఎక్కించాడా, పడవ ఎక్కించాడా అని మరదల్ని ఆట పట్టించి, మళ్ళీ సరిగ్గా కొట్టింది.

ఈసారి చుక్క గోడ దగ్గరకే వచ్చింది, కానీ మెకానిక్ తిరిగిన వైపు కాదు. ఆ గోడే రెండు బ్లాకుల మధ్య హద్దు. దానికి అంత దగ్గరగా ఉందని వదిన కంప్యూటరు మాట మీద వదిలేయలేదు. పటం కాగితం మీద పరిచి, చుక్క నుంచి పక్కకు ఒక గీత తిన్నగా గీసింది. ఆ గీత అవతలి బ్లాకు హద్దును బేసిసార్లు దాటితే చుక్క లోపలున్నట్టు, సరిసార్లు దాటితే బయటున్నట్టు. వేలు పెట్టి లెక్కపెట్టింది. బేసే వచ్చింది.

"గోడకి అవతలుంది," అంది. "తమ్ముడు తిరిగింది పక్క బ్లాకు. ఇందులోకి గోడ వైపు నుంచి దారే లేదు. బస్సు డిపో చుట్టూ తిరిగి వెనక నుంచి వెళ్ళాలి. పాపం, వాడు అడిగినవాళ్ళకి గోడవతల ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది?"

ఆదివారం ముగ్గురూ బిడ్డనెత్తుకుని వెళ్ళారు. డిపో దాటి సందు మలుపు తిరిగేసరికి బాలింత నిలబడిపోయింది. గాలిలో ఆ జిగురు వాసనే. ఆ వాసన వెంటే నడిచింది.

అదొక సోఫాలు బాగుచేసే షెడ్డు. నడివయసు దాటిన ఒకావిడ నేల మీద కూర్చుని కుర్చీకి గుడ్డ బిగిస్తోంది. వీధిలో అందరూ ఆవిడను సోఫాల అత్త అంటారట. ఆవిడ తలెత్తి బాలింతను చూసింది. చేతిలో సుత్తి కింద పెట్టింది.

"బతికే ఉన్నావా తల్లీ?"

బాలింత బిడ్డను ఆవిడ చేతుల్లో పెట్టింది.

ఆ మధ్యాహ్నం అంబులెన్సు వెళ్ళిపోయాక తల్లి దక్కదనే అనుకున్నారట. అత్త, ఆవిడ కోడలు మర్నాడు రెండు ఆసుపత్రులకు వెళ్ళి అడిగారు. పేరు తెలియకుండా ఎవరని చెప్పమంటారన్నారు అక్కడివాళ్ళు. ఇన్నాళ్ళూ ఆ దిగులు ఎవరికీ చెప్పుకోలేక అత్త లోలోపలే కుమిలింది. ఇంకా ముందే అంబులెన్సును పిలవాల్సిందేమో, కదపకుండా ఉండాల్సిందేమో అని.

"నీకు దణ్ణం పెట్టాలమ్మా, వెతుక్కుంటూ వచ్చినందుకు," అంది. "నా గుండె మీద బరువు దించావు."

"దణ్ణం మీరు పెట్టడమేంటత్తా," అని బాలింత ఆవిడ చేతులు పట్టుకుంది. ఆ తర్వాత ఇద్దరూ కాసేపు ఏడ్చారు.

కోడలు పరుగున వెళ్ళి వీధిలో ఆడవాళ్ళందర్నీ పిలుచుకొచ్చింది. కాళ్ళు పట్టి మోసినావిడ, గొడుగు పట్టినావిడ, వేడినీళ్ళు తెచ్చినావిడ, అంతా బిడ్డను తలా ఒకసారి ఎత్తుకున్నారు. వదిన ఒక మూల నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే, ఇల్లు కనిపెట్టింది మా అక్కే అని మెకానిక్ అందరికీ గొప్పగా చెప్పాడు. ఆవిడకు మంచి కుర్చీ వేశారు.

ఇంతలో బిడ్డ ఆకలికి గుక్కపట్టింది. సోఫాల అత్త మెకానిక్‌ను బయటికి పంపి, షట్టరు సగం దించి, బాలింతను ఒక సోఫాలో కూర్చోబెట్టింది. ఆమె పాలిస్తుంటే పక్కనే పీట వేసుకుని, ఆమెకు స్పృహ లేనప్పుడు జరిగినదంతా చెప్పింది. పుట్టగానే బిడ్డ ఏడవలేదని, కోడలు అరికాళ్ళు రుద్దీ రుద్దీ అలిసిపోయిందని, ఉన్నట్టుండి కెవ్వుమంటే బయట వానలో నిలబడ్డ మగాళ్ళు కూడా చప్పట్లు కొట్టారని.

తన కూతురు ఎలా పుట్టిందో బాలింత అప్పుడే మొదటిసారి వింది. అయ్యాక, మళ్ళీ మొదట్నుంచీ చెప్పమంది.