అచ్చు వేసిన తిట్టు

జమ్మలమడుగులో ఉండే రిటైర్డు టీచరు నాగరత్నమ్మకూ, పులివెందులలో ఉండే ఆమె ఆడబిడ్డ తిరుమలమ్మకూ మాటల్లేవు. పోస్టు కార్డులు మాత్రం ఉన్నాయి. ఒక పెళ్లిలో నాగరత్నమ్మ పూర్ణం పెట్టి చేసిన ఓళిగలు గట్టిగా ఉన్నాయని తిరుమలమ్మ అనడంతో మొదలైన యుద్ధం అది.

"నీ ఓళిగలు వాకిట్లో పరిచినాము. బండలు కొనే ఖర్చు తప్పింది" అని తిరుమలమ్మ రాస్తే, "పళ్లు లేనోళ్లకు పాయసం కూడా గట్టిగానే ఉంటుంది" అని నాగరత్నమ్మ జవాబు రాసింది.

కొడుకు అనంతకృష్ణ తల్లికి మంచి ఫోను కొనిచ్చి, వాట్సాప్‌లో తిట్టుకోమన్నాడు. ఆమె ఒకసారి ప్రయత్నించింది. తిట్టు వెళ్లింది, నీలం టిక్కులు పడ్డాయి, అంతే.

"ఇదేం తిట్టురా? ఆమె తప్ప ఇంకెవరూ చదవరే!" అంది.

కార్డయితే ముద్ర కొట్టేవాడూ, పోస్ట్‌మ్యానూ, వీధి అరుగుల మీద వాళ్లూ చదివాక గానీ తిరుమలమ్మకు చేరదు. పరువు తీయడంలో దానికి సాటి వచ్చే యంత్రం ఇంకా పుట్టలేదు.

ఈ వేసవిలో కీళ్లవాతం వచ్చి నాగరత్నమ్మ కుడిచేతి వేళ్లు వాచాయి. పెన్ను పట్టలేకపోయింది. కొడుకు చేత రాయిద్దామంటే వాడు ప్రతి తిట్టుకూ ముందు "దయచేసి" చేరుస్తాడు. చివరికి బస్సెక్కి ప్రొద్దుటూరు వెళ్లింది. అక్కడ జిలానీ దగ్గర కాలితో తొక్కే పాత అచ్చు మిషను ఉంది. బెంగళూరు వాళ్లు వచ్చి, దాన్ని చూసి మురిసిపోయి, ఫోటోలు తీసుకుని, ఇంటికెళ్లి తమ శుభలేఖలు ఫోన్లో పంపుకునేవారు.

జిలానీ ఆమె చెప్పింది విని గడ్డం గోక్కున్నాడు.

"అమ్మా, పైన శ్రీరస్తు వేయాల్నా?"

"వెయ్యప్పా. తిట్టయినా పద్ధతిగా ఉండల్ల."

"ఒక్క కార్డుకు మిషను తొక్కలేను. యాభయ్యన్నా వేయించుకోండి."

"వెయ్యి. మా వదినకు ఒకసారి చెప్తే ఎక్కదు."

జిలానీ సీసపు అక్షరాలు ఏరి పేర్చి, చుట్టూ పూల అంచు పెట్టి, ఎర్ర సిరాతో అచ్చు వేశాడు: "శ్రీరస్తు. మీ ఇంట ఉప్మా తిన్న కాకులు మా ఊరికి వలస వచ్చినవి." అంత అందమైన అవమానం జిల్లాలో ఇంకెవరికీ దక్కి ఉండదు.

వాటిలో మొదటి కార్డు చేరిన మరునాడే తిరుమలమ్మ పులివెందుల బస్సు దిగి నేరుగా నాగరత్నమ్మ ఇంట్లోకి వచ్చింది.

"ఏంది వదినా ఇది? అచ్చు కొట్టిస్తావా? నేనేమన్నా ఓటరునా? నన్ను తిట్టేదానికి కూడా చెయ్యి నొప్పి పుట్టిందా నీకు?"

"పుట్టింది" అని నాగరత్నమ్మ చెయ్యి చూపించింది.

తిరుమలమ్మ ఆ వేళ్లను ఒళ్లోకి తీసుకుని చూసింది. వంటింట్లోకి వెళ్లి, ఆముదం వెచ్చబెట్టి తెచ్చి మెల్లగా రాసింది. తర్వాత సంచిలోంచి కొత్త కార్డు తీసి పెన్ను పట్టుకుంది.

"చెప్పు, రాస్తా."

"ఎవరికి?"

"ఇంకెవరికి, నాకే. అచ్చుది నేను లెక్కలోకి తీసుకోను. గట్టిగా చెప్పు, మా పోస్ట్‌మ్యాను ఎదురు చూస్తాంటాడు."

నాగరత్నమ్మ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. రెండో వాక్యం దగ్గర తిరుమలమ్మ పెన్ను ఆపి, "దీంట్లో శానా చప్పదనం ఉంది, ఇంకోటి చెప్పు" అంది.

సాయంత్రం ఇద్దరూ వెళ్లి కార్డు డబ్బాలో వేశారు. తిరుమలమ్మ దానికంటే ముందే ఇల్లు చేరింది. అది వచ్చిన రోజు, "చూడండమ్మా, మా వదిన ఎట్లా రాసిందో!" అని వీధంతా వినేటట్టు ఏడ్చింది.