ఎర్ర పట్టీ కెమెరా

యెమెన్ దేశంలోని సనా ఊళ్ళో ఫోటోలు తీయడం నేర్చుకునే ప్రతివాళ్ళూ ముందు ఒక తగాదాలో ఇరుక్కుంటారు. ఎర్ర పట్టీ కంపెనీదా, నీలం పట్టీ కంపెనీదా? కెమెరాను మెడలో వేసుకునే పట్టీ రంగును బట్టి జనం పెట్టుకున్న పేర్లవి. రెండూ ఒకే దేశం సరుకు, రెండూ నొక్కితే ఫోటోయే వస్తుంది. అయినా ఎర్రవాళ్ళకు నీలంవాళ్ళ పొడ గిట్టదు. పొలం గట్టు దగ్గర దాయాదుల్లా అరుచుకుంటారు, ఏం చెప్పమంటారు!

తఖియ్యాకు ఆ తంటా ఇరవై రెండో ఏట వచ్చిపడింది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు ఫోటోలు తీయడానికి ఆడమనిషే ఉండాలి. ఆమె పిన్ని హూరియా ఆ పనిలో తల పండిన మనిషి. మోకాళ్ళ నొప్పులతో ఇక మెట్లెక్కలేనని, ఆ పని తఖియ్యాకు నేర్పింది.

"నీలందే కొనుక్కో తల్లీ," అంది పిన్ని. "నాదానికి నీ ఫోన్లూ గీన్లూ తెలియవు. చూసింది కడుపులో దాచుకుంటుంది, బయట ఒక్కరికి చెప్పదు. అందుకే నన్ను నాలుగిళ్ళలోకి రానిస్తున్నారు."

"నీ కెమెరా కూడా నీలాగే పాతకాలపుది పిన్నీ!"

"నవ్వవే నవ్వు. నెత్తిన పడ్డప్పుడు తెలుస్తుంది."

కొట్లో మాట్లాడింది తఖియ్యా కాదు, అన్న ముతహ్హర్. మగవాళ్ళ మధ్య ముసుగులో నిలబడి ఆమె చూస్తూ ఊరుకుంది. కొట్టువాడు ముతహ్హర్ ఫోన్ తీసుకుని ఏవో మీటలు నొక్కాడు. ఎర్ర పట్టీ కెమెరాతో కిటికీని ఫోటో తీశాడు. తీశాడో లేదో, ఆ కిటికీ ముతహ్హర్ ఫోన్లో ప్రత్యక్షమైంది!

"తీగ లేదు, తాడు లేదు. ఒక్కసారి జత కుదిర్చామంటే ఇక దానంతటదే వచ్చేస్తుంది," అన్నాడు కొట్టువాడు. "నీలందా? ముసలమ్మలు కొనుక్కుంటారమ్మా."

తఖియ్యాది మీటల ఫోను, అందులో ఇలాంటివేవీ పడవు. "నా ఫోన్ ఉందిగా, ఇదే తీసుకో," అన్నాడు ముతహ్హర్. కొత్త మోజు, పైగా అన్న మాట. ఎర్రదే కొనేసింది. దానంతటదే వచ్చేస్తుందన్న మాటకు అర్థమేమిటో ఆ అన్నాచెల్లెళ్ళలో ఒక్కరైనా ఆలోచిస్తే ఎంత బాగుండేది!

మొదటి పిలుపు మక్కా యాత్ర చేసొచ్చిన పెద్దావిడ హజ్జా కరామా ఇంటినుంచి వచ్చింది, ఆమె కూతురి పెళ్ళికి. హూరియా తన పూచీ మీద తఖియ్యాను పంపింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్ళంతా మూడో అంతస్తులో చేరారు. గుమ్మంలో హజ్జా బుట్ట పెట్టుకుని కూర్చుని, వచ్చినవాళ్ళ ఫోన్లన్నీ అందులో వేయించుకుంది. కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో ఫోన్ లేదు కదుటే?"

"లేదు హజ్జా," అంది తఖియ్యా. నిజమేననుకుంది.

లోపల నల్ల బురఖాలు జారిపోయాయి. విప్పుకున్న జుట్లు, చేతుల్లేని గౌనులు, మెడనిండా బంగారం, గదినిండా సాంబ్రాణి పొగ. మొగుడూ తోడబుట్టినవాళ్ళూ తప్ప వేరే మగవాడి కంటపడని చేతులూ మెడలూ అవి. కింది అంతస్తులో మగవాళ్ళు కాస్త మత్తిచ్చే ఖాత్ ఆకు నములుతూ కబుర్లాడుకుంటున్నారు. చెల్లెల్ని తీసుకొచ్చాడు కాబట్టి ముతహ్హర్‌నూ అక్కడే కూర్చోబెట్టారు.

తఖియ్యా ఒళ్ళు మరిచి తీసింది. అమ్మాయిలు ఎగబడి నిలబడ్డారు, ఆమె అందరి పేర్లూ అడిగి నవ్విస్తూ తీసింది. ఫోటో ఎలా వచ్చిందోనని తెర మీద చూసుకుంటే, మూలన బుల్లి ఫోన్ బొమ్మ. పక్కనే ఒక బాణం గుర్తు పరుగులు పెడుతోంది.

ఫోటోలు వెళ్ళిపోతున్నాయి! తీసినవి తీసినట్టు, నేల దాటి, కింది గదిలో మగవాళ్ళ మధ్య ఉన్న ఫోన్లోకి!

గబుక్కున బ్యాటరీ ఊడబీకింది.

"ఏమైందే?" అంది హజ్జా.

"బ్యాటరీ... అయిపోయింది హజ్జా."

చెబితే? పాట ఆగిపోతుంది, కేకలు లేస్తాయి. కింద ప్రతి మగవాడి నడుముకూ వంకకత్తి ఉంది. అన్న ప్రాణం, పిన్ని పరువు, ఇంతమంది ఆడపిల్లల బతుకులు. చెప్పకపోతే? ముందు నుయ్యి, వెనక గొయ్యి. కింద మగవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వు తమ ఫోటోలు చూసేననుకుంది తఖియ్యా.

అన్నను పిలుద్దామని మెట్ల దాకా వెళ్ళింది. కిందనుంచి "అల్లా! అల్లా!" అని గొంతు వినిపించింది. ఆడవాళ్ళు తప్పుకోండి, మగవాడు మెట్లెక్కుతున్నాడని హెచ్చరిక. గోడకు అతుక్కుపోయింది. ఎవరో నీళ్ళ బిందె పెట్టి దిగిపోయాడు. అన్నను పంపమని పరాయి మగవాడితో ఎలా చెబుతుంది? వెనక్కి వచ్చేసింది.

చివరికి బ్యాటరీ మార్చినట్టు నటించి మళ్ళీ అదే పెట్టి, ఏ మీటో వెతికి ఆ బాణం ఆపేసి, చచ్చీ చెడీ పని పూర్తిచేసింది. ఆనవాయితీ ప్రకారం ఫోటోలున్న కార్డు కెమెరాలోంచి తీసి హజ్జా చేతిలో పెట్టింది. హజ్జా దాన్ని తలగుడ్డ కొంగున ముడివేసుకుని ఆమె నుదురు ముద్దాడింది.

"మా ఇంటి గుట్టు నీ చేతిలో పెట్టాను, నిలబెట్టావమ్మా. వచ్చే వారం మా చెల్లెలింట్లోనూ నువ్వే."

ఆ మెచ్చుకోలుకు తఖియ్యాకు ఏడుపొచ్చింది. ముసుగు దించుకుని గబగబా సందులోకి దిగింది. ముతహ్హర్ కారులో ఉన్నాడు.

"ఫోనివ్వు ముందు!"

తెరిచి చూస్తే బాణం ఆపకముందు తీసినవన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటే తుడిచేసింది.

"చూశావా?"

"అల్లా మీద ఒట్టు! మొదటిది రాగానే ఫోన్ బోర్లించేశాను."

ఆమెకు కాస్త ఊపిరాడింది. "సరే పద, వెళ్దాం."

ముతహ్హర్ కారు తీయలేదు. బుగ్గనున్న ఆకుముద్దను అటునుంచి ఇటు తిప్పాడు.

"తఖియ్యా... ఆ ఆకుపచ్చ గౌను పిల్ల ఎవరు?"

"బోర్లించానన్నావుగా!"

"అడిగేది నేను కాదే. యహ్యా. హజ్జా కొడుకు, నా పక్కనే కూర్చున్నాడు. నేను బోర్లిస్తే వాడు లాక్కున్నాడు. ఇంట్లోవాడు, మీద పడి లాక్కోలేను కదా! నలుగురూ చూస్తారు."

"అన్నీ చూశాడా?"

"పేరు కనుక్కుని చెప్పమన్నాడు. చెప్పకపోతే మన కెమెరా బాగోతం వాళ్ళమ్మ చెవిన వేస్తానన్నాడు." ముతహ్హర్ ఆమెవైపు చూడలేదు. "పేరొక్కటే కదే. చెప్పేస్తే పోలా?"

ఆ పిల్ల పేరు తఖియ్యాకు తెలుసు. పదహారేళ్ళుంటాయి, పళ్ళు వంకరని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈరోజు పేరు అడిగినవాడు రేపు ఇంకేం అడుగుతాడు? ఆ పిల్లను ఏమని బెదిరిస్తాడు?

తఖియ్యా కారు తలుపు తీసింది.

"ఎక్కడికే? పిచ్చెక్కిందా? చంపేస్తారే మనల్ని!"

గోడ పట్టుకుని మూడు అంతస్తులూ ఎక్కింది. హజ్జా గుమ్మంలో బుట్ట ఖాళీ చేస్తూ తలెత్తింది.

"ఏం మరిచిపోయావే తల్లీ?"

తఖియ్యా ముసుగు తీసింది. "హజ్జా, ముందు ఆ తలుపు గడియ వేయండి," అంది. "మీతో చెప్పాల్సింది ఉంది."